కావలి తుపాకి: జాగ్రత్తలు



జొన్న పాలు పట్టినది మొదలు కంది కోత ముగియువరకు నల్లమల అంచు గ్రామములలో రాత్రి నిద్ర ఉండదు. దోర్నాల, అర్ధవీడు, రాచర్ల, గిద్దలూరు వైపు చేలలో అడవిపందుల మంద ఒక్క రాత్రిలో ఎంత నష్టము చేయునో మీకు చెప్పనక్కరలేదు. అందుచేత కొందరి యిండ్లలో నోటినుండి మందు దట్టించి కాల్చు పాత తుపాకి ఉన్నది. ఈ వ్యాసము వేట నేర్పుటకు కాదు. ఆ తుపాకి ఇంటిలో ఉన్నంతకాలము దానివలన మనిషి ప్రాణము పోకుండ చూచుకొనుటకు.

మొదట చట్టము సంగతి. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి ఉంచుకొన్నవారికి రెండు నుండి ఐదు సంవత్సరముల జైలు, జరిమానా. పంట కాపుదలకు నిజముగా అవసరమున్నవారికి దట్టించు తుపాకికి లైసెన్సు ఇచ్చు వీలు అదే చట్టములో కలదు. కాని ఆ లైసెన్సు తుపాకి ఉంచుకొనుటకే గాని పందిని చంపుటకు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అడవిపంది రక్షిత జంతువు. 2022 సవరణతో రెండవ షెడ్యూలులో చేరినది. పంటకు నష్టము చేయుచున్నదని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెను గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని వ్రాసి అనుమతి యిచ్చిననే కాల్చవచ్చును. అభయారణ్యమునకు 10 కిలోమీటర్లలోపు నివసించు లైసెన్సుదారులు అటవీశాఖ వద్ద కూడ పేరు నమోదు చేయించుకొనవలెను. గుండ్ల బ్రహ్మేశ్వరము, నాగార్జునసాగర్-శ్రీశైలము అడవుల ప్రక్క గ్రామములవారు దీనిని మరువరాదు.

ఇక అసలు ప్రమాదము చీకటిలో ఉన్నది. టార్చి వెలుగులో రెండు కండ్లు మెరసినంత మాత్రమున అది పంది కాదు. దూడ కండ్లును, కుక్క కండ్లును మెరయును. మనిషి కండ్లు అట్లు మెరయవు. కంది సాళ్లలో వంగి నడచు మనిషి చప్పుడు తప్ప మరేమియు మీకు తెలియదు. ప్రక్క చేను కావలి కాయువాడు మీ బావమరిదియో, అన్నకొడుకో అయియుండును. పందిని తరుముకొనుచు దాని వెనుకనే పరుగెత్తి వచ్చువాడును అతడే. కనుక జంతువు పూర్తి రూపు కనబడవలెను, దాని వెనుక ఏమున్నదో తెలియవలెను. ఈ రెండును తెలియనిచో అనుమతి ఉన్నను కాల్చరాదు. మంచెపైనుండి దగ్గరలో క్రిందికి కాల్చిన గుళ్లు నేలలో దిగును. నేలపై నిలిచి సమముగా కాల్చినవి చేలు దాటి కొన్ని వందల గజములు పోగలవు. మార్కాపురము పలక గనుల వైపు వలె రాతి గుట్టలున్నచోట రాతికి తగిలి ఏ దిక్కునకైనను మళ్లును.

పొద్దు గూకకమునుపే చుట్టుప్రక్కల కావలివారందరు ఎవరు ఏ మంచెపై ఉందురో, ఏ దిక్కునకు కాల్చకూడదో మాట్లాడుకొనవలెను. మంచె దిగవలసివచ్చినచో కేక వేసి, బదులు విన్న తరువాతనే కదలవలెను. తాగినవాని చేతికి తుపాకి ఇయ్యరాదు. వాడు ఇంటి పెద్ద అయినను సరే.

దట్టించు తుపాకికి ఒక చిక్కు కలదు. తూటా తుపాకిలో తూటా తీసివేసిన అది ఖాళీ. దీనిలో మందు, గుడ్డ, గుళ్లు వేసి బిగించిన తరువాత తీయుట కష్టము. క్యాపు తీసినను లోపలి మందు లోపలనే ఉండును. నిరుడు దట్టించి మూలను పెట్టినది ఈ ఏడు పిల్లల చేతిలో ప్రేలవచ్చును. అందుకు తేలికైన ఉపాయము చెప్పెదను: తుపాకి ఖాళీగా ఉన్నపుడు దట్టించు కడ్డీని అడుగువరకు దించి, గొట్టము నోటివద్ద కడ్డీపై గీటు పెట్టుడు. తరువాత ఎప్పుడు దించినను గీటు నోటికి పైన నిలిచినచో లోపల ఏదో ఉన్నదన్నమాట. ఇది చూడక మందుపై మందు దట్టించినచో గొట్టమే పగులవచ్చును.

కాల్చిన వెంటనే మరల మందు పోయరాదు. లోపల నిప్పురవ్వ మిగిలియుండవచ్చును. మందుకొమ్మునుండి నేరుగా పోసినచో ఆ రవ్వకు కొమ్మంతయు చేతిలోనే ప్రేలును. చిన్న కొలతతోనే పోయవలెను, ముఖము గొట్టముపైకి వంచరాదు. పొగరాని మందు దీనిలో ఎన్నడును వాడరాదు. క్యాపు అన్నిటికంటె చివరిది, అదియు మంచెపై కుదురుగా కూర్చున్న తరువాతనే. దిగునపుడు ముందు దానిని తీయవలెను. తుపాకిని నోరు పట్టి పైకి లాగుట అతి చెడ్డ అలవాటు. క్యాపు ప్రేలియు తుపాకి ప్రేలనిచో మనుష్యులు లేని దిక్కునకు గొట్టము త్రిప్పి కనీసము ఒక నిమిషము అట్లే పట్టియుండవలెను.

తుపాకి లేనివారు కొందరు చేని చుట్టు కరెంటు తీగ లాగుచున్నారు, నాటుబాంబులు పెట్టుచున్నారు. ఇవి రెండును నేరములే. తీగ పందిని గాని, తెల్లవారి నీరు కట్టవచ్చిన మనిషిని గాని ఎరుగదు.

వేరుసెనగ చుట్టు నాలుగు వరుసల కుసుమ ఒత్తుగా వేసినచో దాని ముండ్లు, వాసన పందిని చాలవరకు ఆపును. మొక్కజొన్న చుట్టు ఆముదము పనికివచ్చును. ఇవి రాత్రి కావలిని పూర్తిగా తప్పింపవు గాని, కొంత ఆదాయము కూడ ఇచ్చును. పంట పోయినచో దున్నివేయక మునుపే ఫొటోలు తీయించి, సర్వే నంబరుతో అటవీశాఖ రేంజి కార్యాలయములో అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకొనుడు.