గుత్తి ప్లీడరు

బత్తలపల్లి

మనవరాలికి,

కోర్టులో ఓడిపోయే కేసు పట్టుకుని ఏం లాభమని అడిగినావు. మన సీమ మనిషి, గుత్తి కేశవపిళ్లె సంగతి చెప్తా, చదువు.

1860లో పుట్టిన ఆయన గుత్తిలో ప్లీడరీ చేస్తూనే ఇక్కడి జనం కష్టాలను మద్రాసు ‘హిందూ’ పత్రికకు రాసి పంపేవాడు. 1885లో బొంబాయిలో మొదటి కాంగ్రెస్ మహాసభకు పోయినవాళ్లలో ఆయనొకడు. 1893లో గుంతకల్లు దగ్గర తెల్ల సోల్జర్లు ఇద్దరు ఆడవాళ్ల వెంటబడితే రైల్వే గేటు కాపలాదారు హంపన్న వాళ్లకు ఆశ్రయమిచ్చినాడు. అందుకు తుపాకి గుండు తగిలి చచ్చిపోయినాడు. నిందితుడైన సోల్జరు మద్రాసులో నిర్దోషిగా బయటపడినాడు. కేశవపిళ్లె మాత్రం ఊరుకోలేదు, సంగతి పత్రికకెక్కించినాడు. తీర్పుతో కేసు ముగిసినా, హంపన్న పేరు నిలిచిపోయింది.

1909 తర్వాత కేశవపిళ్లె మద్రాసు శాసన మండలిలోకి పోయినాడు. రిజర్వు అడవిలోకి గొడ్డు పోతే రైతు జుల్మానా కట్టాల్సిన కాలమది. అడవి చట్టం బాధలు ఆయన గుత్తిలో కళ్లారా చూసినవే, వాటినే మండలిలో ఎత్తినాడు. 1917లో కాంగ్రెస్‌లోని బ్రాహ్మణేతరుల కోసం ఏర్పడిన మద్రాస్ ప్రెసిడెన్సీ అసోసియేషన్‌కు అధ్యక్షుడైనాడు. 1920 ఎన్నికల తర్వాత మండలికి డిప్యూటీ ప్రెసిడెంటయినాడు.

1922లో సముద్రం దాటి బ్రిటిష్ గయానా పోయి, చెరుకు తోటల్లో మనవాళ్ల బతుకెట్లుందో వెంకటేశ్ నారాయణ్ తివారీతో కలిసి చూసివచ్చినాడు. వాళ్లతో పోయిన తెల్ల అధికారి కీటింగ్ వేరే నివేదిక రాసుకుంటే, వీళ్లిద్దరూ తమది తాము రాసినారు.

ఇందులో నువ్వు పట్టుకోవాల్సింది ఒకటే. కోర్టులో అయ్యేది కోర్టులో, అక్కడ కానిది పత్రికలో, చట్టమే అడ్డమైతే చట్టసభలో. ఎక్కడ అడగాలన్నా ముందు సంగతి పక్కాగా ఉండాల.

రేపు నువ్వు ప్లీడరువైతే ధర్మవరం కోర్టులో నీ దగ్గరికి గట్టు తగాదా వస్తుంది, అడంగల్‌లో పేరు తప్పు పడిందని ఒకరు వస్తారు. వాళ్లు కోపంతో చెప్పిందంతా విను, ఆపైన ఎవరు, ఎక్కడ, ఏ తేదీన, ఏ కాగితం మీద అని అడిగి రాసుకో. దిద్దే అధికారం ఎవరిదో కనుక్కో. తహసీల్దారుదైతే అర్జీ పెట్టించు, దావా ఖర్చు మిగుల్తుంది. అదే తప్పు పది మందికి జరిగుంటే పదీ ఒకచోట చేర్చి మన ఎమ్మెల్యే చేతికియ్యి. అసెంబ్లీలో అడగడానికి ఆయనకూ ఆధారం కావాల కదా.

పరీక్షలు అయినాక రా, పాత దస్తావేజులు చదవడం నేర్పిస్తా.

మీ తాత