సూరత్ డాబా మీద కూజా మొక్క

లింబాయత్‌లో మగ్గాల పని చేసే తమ్ముడొకడు నిరుడు దీపావళి బోనస్ చేతికందగానే ఫోనులో ఒక మొక్క చూపించాడు. "అన్నా, రెండు వేలట. తీసుకోనా?" కొండల మీద పెరిగే నెపెంథిస్ అది, బడిలో కూజా మొక్క అని చదువుకున్నదే. వద్దన్నాను. అంతకు ముందు నేనూ అలాగే కొని పోగొట్టుకున్నాను మరి.

నాది డిసెంబరులో వచ్చింది. సంక్రాంతి దాటేసరికి రెండు కూజాలు వేసింది, ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఏప్రిల్లో ఆకు కొసన తీగ సాగింది గానీ కూజా ఉబ్బలేదు. ఆవగింజంత మొగ్గ నల్లబడి రాలిపోయింది. ఎండ దెబ్బనుకుని పచ్చ వల కట్టాను, పూటపూటా నీళ్లు చల్లాను. మే నెలలో కాండం కూడా గోధుమరంగుకు తిరిగింది.

దాన్ని చంపింది పగటి ఎండ కాదు, రాత్రి ఉక్క. బోర్నియోలోని కినబాలు కొండ మీద ఈ జాతిలో పేరుమోసిన 'రాజా' 1500 నుంచి 2600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ పగలు 25 డిగ్రీలున్నా రాత్రికి 15కో, అంతకంటే కిందికో దిగుతుంది. పగలు ఆకు కూడబెట్టిన శక్తిని వేడి రాత్రి శ్వాసక్రియే కాజేస్తుంది. సముద్ర మట్టానికి ఆనుకున్న సూరత్‌లో మే నెల తెల్లవారుజామున కూడా 27 డిగ్రీలుంటుంది, పైగా స్లాబు వేడి. చలికాలం రెండు నెలలే దానికి సుఖం. ఆరుబయట పెంచాలంటే కొడైకెనాల్ లాంటి చోటు కావాలి, లేదా మనవాళ్లు ఉద్యోగాలు చేసే శాన్‌ఫ్రాన్సిస్కో పొగమంచు తీరం.

అందుకే తమ్ముడిని వెంట్రాటా కొనమన్నాను. అది సంకర రకం, వేడికి ఓర్చుకుంటుంది, ధరా తక్కువే. ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే గోడవార వేలాడదీయండి. కుండీలో మట్టి, పేడ ఎరువు వద్దు. ఉప్పు పోయేలా మూడు నాలుగుసార్లు కడిగిన కొబ్బరిపొట్టులో పెర్లైట్ కలిపితే చాలు.

అసలు జాగ్రత్త నీళ్ల దగ్గర. ఆర్‌వో మిషనుకు రెండు గొట్టాలుంటాయి. పారబోయడం ఇష్టంలేక రెండో గొట్టం నీళ్లు బకెట్లో పట్టి మొక్కలకు పోస్తాం కదా, ఉప్పంతా అందులోనే ఉంటుంది. దీనికి తాగే నీళ్లే పోయాలి, టీడీఎస్ 50 లోపు ఉంటే మంచిది. వాననీళ్లయితే ఇంకా మేలు. పన్నెండు గంటల షిఫ్టు చేసేవాళ్లు పనికి వెళ్లేముందు ఒకసారి నిండుగా పోస్తే సరిపోతుంది. నీళ్లు కింద పళ్లెంలో నిలవకూడదు.

విత్తనాలు అమ్మేవాళ్లను నమ్మకండి. అవి కొద్ది నెలల్లోనే మొలకెత్తే శక్తి కోల్పోతాయి. మేఘాలయ కొండల్లోని ఖాసియానా మన దేశంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క నెపెంథిస్. 1972 వన్యప్రాణి చట్టం దానికి రక్షణ ఇచ్చింది. అడవిలో పీకినా, లైసెన్సు లేకుండా పెంచి అమ్మినా నేరమే. అది చవగ్గా ఇస్తామంటే ఫోను పెట్టేయండి.

పక్క ఆదాయం కోసం నర్సరీ పెడదామని అరకు వైపు చూసేవాళ్లుంటే ఒక్క మాట. అప్పు చేసి వంద మొక్కలు దించకండి. నాలుగు రకాలు ఒక్కొక్కటి తెచ్చి, ఒక వేసవంతా ఆరుబయట ఉంచి, రోజూ తెల్లవారుజామున థర్మామీటరు చూసి రాసుకోండి. జూన్ దాటాక ఏది కొత్త కూజా వేస్తే ఆ రకమే పెంచండి.