చుక్కాని పట్టిన చేతికి మద్యము తగునా?

పాపికొండలకు పోవు లాంచీలలోను, కోనసీమ పాయలను దాటించు పంటులమీదను, నాగార్జునసాగర జలాశయమున పుట్టి వేసికొని వల విసరు జాలరుల నడుమను కొంతకాలము మెలగిన వారెవ్వరికైనను ఒక మాట తప్పక వినవచ్చును: తాగి బండి నడిపిన పోలీసులు పట్టుకొందురు గాని, తాగి పడవ నడిపినవానిని పట్టుకొనుటకు చట్టమే లేదని. ఈ మాటయందు అర్ధసత్యము కలదు. పూర్తిగా అబద్ధమైయుండినచో ఎవరో ఒకరు దానిని ఖండించియుందురు. సగము నిజమగుటచేతనే అది రేవు రేవునను నిలిచి, ప్రాణములమీదికి తెచ్చుచున్నది.

నిజమైన సగమును ముందు చెప్పెదను. 1988 నాటి మోటారు వాహనాల చట్టములోని 185వ సెక్షను, నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యము గలవాడు వాహనము నడిపినచో శిక్షార్హుడని శాసించుచున్నది. రహదారిపై నోట గొట్టము పెట్టి ఊదింపజేయుట ఈ చట్టము ననుసరించియే జరుగుచున్నది. అయితే మోటారు వాహనమనగా రోడ్డుమీద నడుచుట కనువైన యంత్రవాహనమని ఆ చట్టమే నిర్వచించుటవలన, లాంచీ గాని, మరపడవ గాని, తెప్ప గాని ఆ నిర్వచనములో ఇమడదు.

అంతమాత్రమున పడవ నడుపు సరంగునకు స్వేచ్ఛ లభించినదని తలచుట పొరపాటు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 282వ సెక్షను, మనుష్యప్రాణమునకు అపాయము కలుగునట్లుగా గాని, ఇతరులకు గాయము తగులు సంభావ్యత ఉండునట్లుగా గాని, దుడుకుతనముతోనో నిర్లక్ష్యముతోనో నౌకను నడిపినవానికి ఆరు నెలల వరకు జైలు, లేక పదివేల రూపాయల వరకు జరిమానా, లేక ఆ రెండును విధింపవచ్చునని చెప్పుచున్నది. ఇచట నౌక యనగా ఓడలు మాత్రమే కావు. మనుష్యులనో సరకులనో నీటిమీద చేరవేయుటకై చేయబడిన ఏ సాధనమైనను నౌకయే యని సంహిత నిర్వచించినది గనుక, గుండ్రని పుట్టియు దాని పరిధిలోనిదే. ఈ సెక్షనులో మద్యమను మాట కానరాదు. అది అడుగునది ఒక్కటే: ఇతరుల ప్రాణమును అపాయమున పెట్టితివా? అందుచేత నీటిమీద రక్తములోని మిల్లీగ్రాముల లెక్కకంటె సాక్ష్యమునకే ప్రాధాన్యము హెచ్చు; సరంగు తాగియుండుట నిర్లక్ష్యమును రుజువుచేయు బలమైన సాక్ష్యము కాగలదు.

మరణము సంభవించినచో వ్యవహారము మరింత గంభీరమగును. నిర్లక్ష్యముచే మరణమునకు కారకుడైనవానికి 106వ సెక్షను క్రింద ఐదేండ్ల వరకు శిక్ష కలదు. ఇంకొక మెట్టు పైకి పోయి, మరణము కలుగవచ్చునని తెలిసియే ఆ పని చేసినాడని న్యాయస్థానము నిర్ణయించినచో 105వ సెక్షను వర్తించి పదేండ్ల వరకు కారాగారము ప్రాప్తించును. ముంబయిలో తాగి కారు నడిపి ఏడుగురి మృతికి కారకుడైన వ్యక్తికి ఇట్టి తెలివిడిని ఆపాదించి విధించిన శిక్షను సుప్రీంకోర్టు 2012లో స్థిరపరచినది. అది రోడ్డు ప్రమాదపు తీర్పేయైనను, అందలి తర్కము నీటిని చూచి ఆగిపోవునది కాదు. తాగినందున ఏమియు తెలియలేదను వాదమునకును తావు లేదు. తన ఇచ్ఛచే తాగినవానికి, తాగనివాని కుండు తెలివి యున్నట్లే భావింపవలెనని 24వ సెక్షను చెప్పుచున్నది.

నీటిమీద మద్యము నేలమీదికంటె త్వరగా మనిషిని లోబరచుకొనును. ఎండ, గాలి, నీటి తళతళ, ఇంజను అదురు, అలల ఊపు, ఇవన్నియు కలిసి తాగని మనిషినే కొన్ని గంటలలో అలసటకు లోనుచేయును. దానికి మద్యము తోడైనచో కాలు నిలకడ తప్పును. సముద్రమున వల వదలు కళాసీని గమనింపుడు. పడవ అంచున నిలిచి, జారిపోవుచున్న తాడు చీలమండకు చుట్టుకొనకుండ క్షణక్షణమును కాలు మార్చుకొనుచుండును. ఆ కాలు అరక్షణము ఆలస్యమైనచో బరువులతో మునుగు వల వానిని కూడ లోనికి ఈడ్చుకొనిపోవును. తాగినవాడు నీట పడినచో పైకి ఏ దిక్కున పోవలెనో తెలియక తికమకపడుట గలదు. చర్మమందలి రక్తనాళములు వ్యాకోచించియుండుటవలన చల్లనినీట వాని ఒంటివేడి త్వరగా హరించిపోవును.

టికెట్టు కొన్న ప్రయాణికునకు కొన్ని హక్కులు కలవు. వానిని వాడుకొనువారు అరుదు. సరంగు తూలుచున్నాడని కనిపించినచో ఎక్కనని నిరాకరించి పైకము తిరిగి యిమ్మని అడుగవచ్చును. 112కు ఫోను చేయవచ్చును. యంత్రముతో నడుచు పడవకు రిజిస్ట్రేషను, సర్వే ధ్రువపత్రము, బీమా ఉండవలెనని 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము నిర్దేశించుచున్నది. వానిని చూపుమని అడుగుట అమర్యాద కాదు. టికెట్టును భద్రపరచి, పడవమీది సంఖ్యను ఫొటో తీసి యుంచుకొనుడు. సేవాలోపమునకై, మీరు నివసించు జిల్లాయందలి వినియోగదారుల కమిషనులోనే, రెండేండ్లలోగా ఫిర్యాదు చేసికొనవచ్చును.

నేరము మోపబడిన జాలరికిని హక్కులు లేకపోలేదు. నోట వాసన వచ్చుట, అడుగు తడబడుట, మాట ముద్దగా ఉండుట మాత్రమే మత్తునకు నిశ్చయమైన రుజువులు కావనియు, రక్తపరీక్షవంటి నిదర్శనము కావలెననియు సుప్రీంకోర్టు 1971లోనే చెప్పియున్నది. అరెస్టు చేసినప్పుడు కారణము చెప్పవలెను. బంధువునకో మిత్రునకో తెలియజేయవలెను. వైద్యపరీక్ష జరిపినచో ఆ నివేదిక ప్రతిని అరెస్టయినవానికి ఇయ్యవలెను. 282వ సెక్షను క్రింది నేరమునకు బెయిలు హక్కుగా లభించును.

డాలసువంటి చోట్లకు పోయి స్థిరపడిన మన పిల్లలకు వేరొక హెచ్చరిక. అచట నీటిమీదను ప్రత్యేకమైన కొలత యున్నది. అమెరికాలో వినోదార్థము పడవ నడుపువారికి సాధారణముగా రక్తమున 0.08 శాతము హద్దు. టెక్ససులో మొదటి తప్పునకే కనీసము 72 గంటల నిర్బంధము, 180 రోజుల వరకు జైలు, రెండువేల డాలర్ల వరకు జరిమానా కలవు. అచటి గేమ్ వార్డెన్లను వన్యప్రాణి సంరక్షణాధికారులు అనుమాన కారణమేమియు లేకయే సరస్సుపై పడవను ఆపి తనిఖీ చేయగలరు.

ఇక మృతుని కుటుంబమున కెక్కువ అక్కరకు వచ్చు విషయము బీమా. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద ప్రమాద మరణమునకు ఐదు లక్షల రూపాయల బీమా కలదు; కాని ప్రమాద బీమా పాలసీలలో మత్తులో జరిగిన ప్రమాదమును మినహాయించు నిబంధన ఉండుట సర్వసాధారణము. ఆ మినహాయింపు వర్తించునని రుజువు చేయవలసినది బీమా సంస్థయే గాని, వర్తింపదని రుజువు చేయవలసినది వితంతువు కాదు. అయినను ఊదింపు పరీక్ష జరుగలేదు గనుక భయము లేదనుకొనరాదు. పరిసర సాక్ష్యములచే మత్తును నిరూపించుటకు బీమా సంస్థకు వీలున్నదని 2021లో ఒక కారు ప్రమాదపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కనుక పోస్టుమార్టం నివేదిక, రసాయన పరీక్షా నివేదిక, పంచనామా, ఈ మూడింటి ప్రతులను సంపాదించి, క్లెయిము తిరస్కరించినచో కారణమును వ్రాతపూర్వకముగా ఇయ్యుమని అడుగవలెను.

యజమానికింద కూలికి కుదిరి వేటకు పోయిన కళాసీ విషయమున చట్టము మరింత దయగలది. తాగియుండుటవలన గాయపడినాడను సాకు, ఆ గాయము మరణమునకో శాశ్వతమైన పూర్తి వైకల్యమునకో దారితీసినచో, నష్టపరిహారమును ఎగవేయుటకు యజమానికి పనికిరాదు. 1923 నాటి పరిహార చట్టమున నుండిన ఈ రక్షణ 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను నిలుపబడినది. "మీవాడు తాగియున్నాడు, నీకు దమ్మిడీ రాదు" అని చెప్పి పంపివేయబడిన ఏ ఇల్లాలైనను ఆ మాటను తీర్పుగా స్వీకరింపక, 15100కు ఫోను చేసి జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవలెను. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకయే అచట న్యాయవాదిని ఉచితముగా నియమింతురు.