ధర వ్రాయని దుకాణము

పట్టణములలోని కొన్ని బార్లలో ఒక పద్ధతి కలదు. లోపలికి వచ్చి బల్లముందు కూర్చున్నవానికి బీరు సీసా వెల యెంతయో తెలియదు. గోడమీద పట్టిక యుండదు. చేతికిచ్చిన అట్టలో వేరుసెనగ పప్పునకును, కోడి వేపుడునకును వెలలు వ్రాసియుండును గాని పానీయముల కెదురుగానున్న స్థలము ఖాళీగా నుండును. త్రాగుట ముగిసిన పిదప బిల్లు వచ్చును. అప్పుడు బేరమాడుటకు వీలులేదు. తిరిగి యిచ్చివేయుదమన్న వస్తువును మిగిలియుండదు. తోడివారి యెదుట వెల అడుగుట చిన్నతనమని తలచువారే యెక్కువ గనుక చెప్పినంత చెల్లించి లేచి వత్తురు. వ్యాపారి నమ్ముకొనునది ఈ మొగమాటమునే.

త్రాగువాని జేబు సంగతి గ్రామ పంచాయతీకి ఎందుకని సభ్యులలో కొందరు అడుగవచ్చును. మద్యమును సమర్థించుట మా ఉద్దేశము కాదు. అది వేరు చర్చ. కాని బారులో అదనముగా పోయిన సొమ్ము త్రాగినవానిది మాత్రమే కాదు. అది ఇంటి కిరాణాకు, పిల్లల పుస్తకములకు రావలసిన సొమ్ము. అంతకన్న ముఖ్యమైన దొకటి గలదు. ధర వ్రాయకుండుట అను అలవాటు బారుతో ఆగిపోవునది కాదు. అదే అలవాటు ఎరువుల కొట్టులోను, విత్తనముల దుకాణములోను, మన సంతలోను గలదు. బారు ఉదాహరణమును అర్థము చేసికొన్నచో తక్కినవి సులభముగా బోధపడును.

ముందుగా చట్టము మాట. పొట్లములలోను, సీసాలలోను ముద్రవేసి అమ్ము సరకుపై గరిష్ఠ చిల్లర ధరను, అనగా ఎమ్మార్పీని, అన్ని పన్నులతో కలిపి ముద్రింపవలెనను నిబంధన మన దేశములో 1990లో వచ్చినది. ఇప్పుడు 2009 నాటి తూనికలు కొలతల చట్టము, దాని క్రింద 2011లో చేసిన నియమములు అమలులో నున్నవి. వీని ప్రకారము చిల్లర వర్తకుడు ముద్రించిన ధరకు మించి అమ్మరాదు. ఆ ధరను చెరపరాదు, మార్చరాదు. మద్యము దుకాణములో సీల్ తీయని సీసాకు ఇది పూర్తిగా వర్తించును. చల్లబరచి యిచ్చినందుకు కూలింగ్ ఛార్జీ యని పది రూపాయలు అదనముగా పుచ్చుకొనుట ఈ నియమమునకు విరుద్ధము. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుండి ప్రభుత్వ సంస్థయే మద్యము దుకాణములను నడిపినది. 2024 అక్టోబరు 16 నుండి అవి మరల ప్రైవేటు లైసెన్సుదారుల చేతికి వచ్చినవి. దుకాణము ఎవరి చేతిలో నున్నను సీసామీది ధరకు సంబంధించిన నియమము మాత్రము మారలేదు.

బారు సంగతి వేరు. హోటళ్లు, రెస్టారెంట్లు నీళ్ల సీసాను ఎమ్మార్పీకి మించి అమ్మవచ్చునా అను వివాదములో సుప్రీంకోర్టు 2017 డిసెంబరు 12వ తేదీన తీర్పు చెప్పినది. అక్కడ జరుగునది వట్టి అమ్మకము కాదనియు, కూర్చుండుటకు చోటు, వడ్డన, వసతి మొదలైన సేవలు అందులో కలిసియున్నవనియు, కావున ఎమ్మార్పీ నియమమును వారిపై ప్రయోగింపరాదనియు ఆ తీర్పు సారాంశము. 650 మిల్లీలీటర్ల బీరు సీసా బల్లమీదికి వచ్చిన పిదప దానిపై ముద్రించిన ధర కొనువానికి రక్షణ యిచ్చునని నమ్మకము లేకుండుటకు ఇదే కారణము. అట్టి చోట రక్షణగా మిగులునది పట్టికలో వ్రాసిన ధర యొక్కటే. ఆ పట్టికయు లేనిచో ఇక మిగులునది వడ్డించువాని నోటిమాట. ఎమ్మార్పీ పనిచేయని చోటనే పట్టిక అత్యవసరము. విచిత్రమేమనగా అక్కడనే అది తరచుగా కనబడదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఫిర్యాదునకు తగిన కారణములను చెప్పుచు, చట్టము నిర్ణయించిన ధరకు, వస్తువుపై ముద్రించిన ధరకు, చట్టప్రకారము ప్రదర్శించిన పట్టికలోని ధరకు, లేక ఉభయులు ఒప్పుకొన్న ధరకు మించి వసూలు చేయుటను పేర్కొన్నది. ఈ నాలుగింటిలో ఏదో యొకటి చూపగలిగినవాని ఫిర్యాదు నిలుచును. పట్టిక లేని బారులో కూర్చున్నవాడు దేనిని చూపగలడు?

ఫ్రాన్సు దేశములో ఈ చిక్కును ఎట్లు తీర్చిరో చూడుడు. అక్కడ 1987 మార్చి 27 నాటి ఉత్తర్వు ప్రకారము కాఫీ దుకాణములవారు, పానశాలలవారు తమ ధరలను లోపలనే గాక వెలుపలకూడ ప్రదర్శింపవలెను. కప్పు కాఫీ, పీపానుండి పట్టి యిచ్చు బీరు, సీసా బీరు, పండ్లరసము, సోడా, మినరల్ నీరు మొదలైనవి ఆ జాబితాలో గలవు. అక్షరములు కనీసము ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తుండవలెను. వీధిలో నిలిచినవాడు గడప దాటకముందే చదివి, ఇష్టమైన లోపలికి పోవును, లేనిచో ముందుకు సాగును. ధరతోపాటు కొలతయు ముఖ్యమే. అక్కడ బీరు గ్లాసును 'డెమీ' అందురు. ఆ మాటకు సగము అని అర్థము. అందులో పట్టునది మాత్రము పావు లీటరే. పేరునుబట్టి అర లీటరని తలచినవాడు మోసపోవును. మన యూళ్లలో పెద్ద గ్లాసు, చిన్న గ్లాసు అని చెప్పి మిల్లీలీటర్లు చెప్పకుండుటయు ఇట్టిదే. కొలత లేని ధర సగము ధర మాత్రమే.

వర్తకుడు ధరను ఏల దాచును? జార్జ్ స్టిగ్లర్ అను అమెరికా ఆర్థిక శాస్త్రజ్ఞుడు 1961లో దీనినిగూర్చి ఒక వ్యాసము వ్రాసెను. ఒకే వస్తువు ఒకే బజారులో వేర్వేరు ధరలకు అమ్ముడుపోవుటకు ముఖ్య కారణము కొనువారికి ధరలు తెలియకపోవుటయే యని ఆయన వాదము. తెలిసికొనుటకు తిరుగవలెను, తిరుగుటకు కాలము, కాలి నొప్పి ఖర్చగును. మన గృహిణులు దీనిని ఏ వ్యాసమును చదువకయే యెరుగుదురు. సంతలో వంకాయలు కొనుటకుముందు మూడు గంపలయొద్ద ఆగి అడుగుట వారి అలవాటు. బారులో అట్లు తిరుగువారుండరు. ధర వ్రాయని వర్తకుడు వస్తువును గాక మనిషిని చూచి వెల కట్టును. పొరుగూరివాడు, చదువు రానివాడు, తొందరలో నున్నవాడు ఎక్కువ చెల్లించును. తెలిసినవాడు తక్కువలో బయటపడును.

బెల్టు దుకాణమును గూర్చి ఒక మాట. గ్రామములలో లైసెన్సు లేకుండ ఇంటి వసారాలోనో, కిరాణా కొట్టులోనో సీసాలు అమ్ముట చట్టవిరుద్ధము. అట్టి చోట ధరల పట్టిక పెట్టుమని కోరుట దొంగను రసీదు అడిగినట్లుండును. దానిని మూయించుటయే మార్గము. అయినను కొన్ని గ్రామములలో బెల్టు దుకాణము నడుపు హక్కును పెద్దలే వేలమువేసి, ఆ సొమ్మును ఊరి పనులకు వినియోగించినట్లు పత్రికలలో వార్తలు వచ్చినవి. లెక్క కొరకు, పాట మూడు లక్షల రూపాయలకు పోయెననుకొందము. పాడినవాడు సీసాకు ఇరువది రూపాయలు అధికముగా పుచ్చుకొన్నచో ఆ మూడు లక్షలు తిరిగి వచ్చుటకు 15,000 సీసాలు అమ్మవలెను. అనగా దినమునకు నలుబదికి పైగా. తన లాభము అటుపిమ్మట మొదలగును. గుడికో, రోడ్డుకో వచ్చిన విరాళమని మనము సంతోషించు సొమ్ము ఆ యూరి కూలివారి యిండ్లనుండియే వచ్చినది. ఊరిలో దీనికి ఎవరును ఒప్పుకొనలేదని చెప్పుటకు వీలులేదు. అయితే ఆ యింటి ఆడువారిని ఎవరైన అడిగిరా?

ఇక ఎరువుల కొట్టు. ఇక్కడ చట్టము చాల స్పష్టముగా నున్నది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము ప్రతి డీలరు తన దుకాణములో నాటి ఉదయమునకు ఏ యెరువు ఎంత నిల్వయున్నదియు, నిర్ణయించిన ధర యెంతయు కనబడునట్లు ప్రదర్శింపవలెను. కొన్నవానికి బిల్లు ఇయ్యవలెను. 1983 నాటి విత్తనముల నియంత్రణ ఉత్తర్వులోను ఇట్టి నిబంధనలే గలవు. ధర ఒక్కటే కాదు, నిల్వకూడ వ్రాయవలెననుటలో ఎంతో అర్థమున్నది. లేదని చెప్పి తలుపు వెనుక దాచి, సాయంకాలము ఎక్కువ ధరకు అమ్ముటకు అడ్డుకట్ట ఆ నిల్వ పలకయే. 2025 వానకాలములో యూరియాకు కొరత వచ్చి రైతులు తెల్లవారకముందే చెప్పులను వరుసలో పెట్టి నిలిచిన సంగతి మరువరాదు. 45 కిలోల బస్తా ధర అప్పుడు 266 రూపాయల 50 పైసలు. యూరియా కావలెనన్న మరొక మందు డబ్బాకూడ కొనవలెనని అంటగట్టుటయు కొరత కాలములో పెరుగును. బస్తా ధర పట్టికలో సరిగానే యుండును; దండుగ డబ్బాలో నుండును. యంత్రముపై వేలిముద్ర వేయించుకొని అమ్మునప్పుడు వచ్చు రసీదును రైతు అడిగి పుచ్చుకొని దాచుకొనవలెను. చౌకధరల దుకాణములోను ఇంతే: సరకులు, నిల్వ, ధర, పనివేళలు పలకమీద నుండవలెనని 2015 నాటి కేంద్ర ఉత్తర్వు చెప్పుచున్నది.

ఇంతవరకు ఇతరుల దుకాణములను గూర్చి చెప్పితిమి. పంచాయతీ తానే నడుపు దుకాణ మొకటి గలదు. అది వారపు సంత. ఆశీలు వసూలు హక్కును ఏటేట వేలమువేసి పాటదారునకు అప్పగింతురు. బండికింత, గంపకింత, మేకకింత యని పంచాయతీ నిర్ణయించిన రేట్లు తీర్మానముల పుస్తకములో భద్రముగా నుండును. సంతలో మాత్రము అవి ఎక్కడను కనబడవు. ఆకుకూరల గంపతో వచ్చిన ముసలమ్మ పాటదారుని మనిషి అడిగినంత యిచ్చి చీటి లేకయే పోవును. ఆమె దృష్టిలో మన సంత ఆ బారువంటిదే. బారుకు పోవుట యిష్టము. సంతకు రాకున్న ఆమెకు గడువదు. కనుక ధరల పట్టికనుగూర్చి మాటలాడుటకు పంచాయతీకి నైతిక బలము కావలెనన్న మొదటి పలకను సంతలోనే పెట్టవలెను. వేలపు షరతులలోనే పలక ఖర్చు పాటదారునిదనియు, చీటి లేని వసూలు చెల్లదనియు వ్రాయించుట మంచిది. పలక తెలుగులో, పది అడుగుల దూరమునుండి చదువుటకు వీలుగా నుండవలెను. చదువు రానివారికొరకు సంత ఆరంభమున ఒకసారి మైకులో చదివించిన మరియు మేలు.

ఫిర్యాదు చేయువారు బిల్లు గాని, చీటి గాని, లేనిచో ధర లేని గోడయొక్క ఫోటోయైనను, తేదీతో దగ్గర నుంచుకొనవలెను. ఎమ్మార్పీకి మించి అమ్మినచో తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరునకు, మద్యము విషయములో ఎక్సైజు స్టేషనుకు, ఎరువుల విషయములో మండల వ్యవసాయాధికారికి తెలుపవలెను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము ఫోను నంబరు 1915, తెలుగులో మాటలాడవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో 5 లక్షల రూపాయల వరకు విలువగల సరకుపై ఫిర్యాదునకు రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఇరువది రూపాయల కొరకు జిల్లా కేంద్రమునకు పోవువాడెవడని అనవచ్చును. నిజమే, ఒక్కడు పోడు. గ్రామసభలో పదిమంది బిల్లులు ఒకచోట చేర్చి పంచాయతీ కార్యదర్శిచేత పంపించినచో అది ఇరువది రూపాయల ఫిర్యాదుగా నుండదు. రాబోవు గ్రామసభ కార్యక్రమ పత్రములో ఈ అంశమును చేర్చి, ఎరువుల పలకను, సంత పలకను ఎవరు ఏ వారము చూచివచ్చునదియు సభ్యుల పేర్లతో తీర్మానములో వ్రాసికొనవచ్చును.