బడిని మరిచిన రిగ్రెషన్

ప్రశ్న: సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. బడిపిల్లల మార్కులపై మల్టీలెవెల్ మోడల్ వేయమన్నారు మా గైడ్. నాకు ఎస్‌పీఎస్‌ఎస్ తప్ప ఏదీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆర్ సాఫ్ట్‌వేర్ దించుకోండి, ఉచితమే. అందులో ఎల్‌ఎంఈ4 ప్యాకేజీ వేసుకుని అమెరికా 'హైస్కూల్ అండ్ బియాండ్' డేటాతో సాధన చేయండి: 160 బళ్లు, 7,185 మంది పిల్లలు. తొలి మోడల్లో ఏ వేరియబులూ పెట్టకండి, బడిని మాత్రం గ్రూపుగా ఇవ్వండి. లెక్కల స్కోర్ల వేరియన్స్ బళ్ల మధ్య 8.6, బడి లోపల 39 పైచిలుకు వస్తుంది. అంటే మొత్తం తేడాలో 18 శాతం బళ్ల మధ్యదే. దాన్ని వదిలేసి మామూలు రిగ్రెషన్ వేస్తే, ముఖ్యంగా బడిస్థాయి వేరియబుల్స్‌కి స్టాండర్డ్ ఎర్రర్లు చిన్నవైపోయి, లేని ప్రభావం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఎస్‌పీఎస్‌ఎస్‌లోనూ మిక్స్‌డ్ మోడల్స్ (మల్టీలెవెల్‌కే మరో పేరు) ఉన్నాయి. కాకపోతే మెనూలు నొక్కుకుంటూ పోతే ఏం చేశామో మనకే గుర్తుండదు. పుస్తకమంటారా, గెల్మన్, హిల్ 2007లో రాసింది చాలు. మీ డేటాలో బళ్లు పదిలోపే ఉంటే మాత్రం ఈ మోడల్‌కి అవి చాలకపోవచ్చు, గైడ్‌తో ఇంకోసారి మాట్లాడండి.