గుండె దడ: పరీక్షల భయమా, పరీక్ష చేయించవలసిన జబ్బా?

 

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బళ్లారిలో ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. మా ఇంట్లో జరిగిన పొరపాటు మీ ఇంట్లో జరగకూడదన్న ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులోని వైద్య విషయాలు డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నవి.

మా తమ్ముడి మనవరాలు సెకండ్ పి.యు.సి. చదువుతున్నప్పటి మాట. ఒక రోజు బిందె ఎత్తడానికి వంగగానే గుండె ఒక్కసారిగా వేగం అందుకుంది. గొంతు దగ్గర ఏదో కొట్టుకుంటున్నట్టు ఉందన్నది. పది నిమిషాల తర్వాత ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగా ఆగిపోయింది. "పరీక్షల భయం తల్లీ, రాత్రి మేలుకోకు, పాలు తాగి పడుకో" అని సలహా ఇచ్చిన పెద్దమనిషిని నేనే. తర్వాత రెండు మూడుసార్లు వచ్చింది. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లేసరికి ఆగిపోయేది. ఇ.సి.జి. మామూలుగా ఉండేది. ఏమైందని డాక్టరు అడిగితే, పిల్లను మాట్లాడనివ్వకుండా "పరీక్షలంటే భయం సార్" అని మేమే చెప్పేవాళ్లం.

పరీక్షలు అయిపోయి సెలవులు వచ్చాయి. మళ్లీ అదే దడ. అప్పుడు ఆ పిల్ల, "తాతా, పరీక్షలు అయిపోయినాయి గదా, ఇప్పుడు నాకు దేనికి భయం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు అరగంటైనా దడ ఆగలేదు. అలాగే ఆసుపత్రికి తీసుకువెళ్లాం. దడ ఉండగానే ఇ.సి.జి. తీశారు. నిమిషానికి 190కి పైగా కొట్టుకుంటోంది. అప్పుడు గానీ జబ్బు పేరు తెలియలేదు.

బ్యాంకులో లెక్క ఎక్కడిదో తెలియని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. కానీ దాన్ని అక్కడే వదిలేయకూడదు. మేము 'భయం' అనే సస్పెన్స్ ఖాతాలో వేసి నెలల తరబడి మరిచిపోయాం.

మాటతోనే వచ్చే చిక్కు

మన తెలుగులో 'గుండె దడ' అంటే భయమూ అవుతుంది, గుండె వేగంగా కొట్టుకోవడమూ అవుతుంది. అందుకే పిల్లలు దడ అనగానే పెద్దలకు భయమే తోస్తుంది. పైగా కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో ఉన్న మనం ఆ మాటను డాక్టరుకు వేరే భాషలో చెప్పాలి. అక్కడ మన అభిప్రాయం కలిపి చెబితే డాక్టరు కూడా దారి తప్పవచ్చు. ఎలా మొదలైంది, ఎంతసేపు ఉంది, ఎలా ఆగింది అనేవి మాత్రమే చెప్పండి. వీలైతే పిల్లలనే చెప్పనివ్వండి.

రెండింటికీ తేడా

పెద్దవారిలో, కాలేజీ వయసు పిల్లలలో విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 60 నుండి 100 సార్లు కొట్టుకోవడం సాధారణం. భయం, జ్వరం, పరుగు వల్ల వేగం మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతుంది. నేను చెబుతున్న దడ అలా కాదు. స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ తీసినట్టు ఆగుతుంది. వేగం సాధారణంగా 150 నుండి 250 మధ్య ఉంటుంది. కూర్చున్నప్పుడు, వంగినప్పుడు, ఏ కారణమూ లేకుండా కూడా రావచ్చు. డాక్టర్లు దీన్ని క్లుప్తంగా ఎస్.వి.టి. అంటారు.

గుండెలో విద్యుత్ సంకేతం పైగదుల నుండి కిందిగదులకు ఒక దారిలో వెళ్లాలి. కొందరిలో పుట్టుకతోనే మరో దారి ఉంటుంది. ఒక్కోసారి సంకేతం ఒక దారిన వెళ్లి రెండో దారిన తిరిగి వచ్చి, గానుగెద్దులాగా తిరుగుతూనే ఉంటుంది. అదే దడ. 1930లో వోల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే ముగ్గురు వైద్యులు ఇలాంటి ఒక రకాన్ని ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసు వారిలోనే గుర్తించి ప్రకటించారు. కనుక "ఈ వయసులో గుండె జబ్బేమిటి?" అనుకోరాదు.

అయితే ప్రతి దడా ఇదే అని బెంబేలు పడవద్దు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం, ఎక్కువ కాఫీ, ఎనర్జీ డ్రింకులు, కొన్ని జలుబు మందులు, ఆస్తమా మందులు కూడా గుండె వేగాన్ని పెంచుతాయి. నిజంగా ఆందోళనే కారణం కావచ్చు. దానికీ వైద్యం ఉంది, అందులో సిగ్గుపడవలసింది లేదు. కానీ ఆ నిర్ణయం చేయవలసింది డాక్టరు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

దడతో పాటు ఈ కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108 లేదా 112కు ఫోన్ చేయాలి, లేదా దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

1. స్పృహ తప్పడం, లేదా తప్పబోతున్నట్టు కళ్లు చీకట్లు కమ్మడం.
2. ఛాతీలో నొప్పి, బిగింపు.
3. ఊపిరి ఆడకపోవడం, చెమటలు పట్టి ఒళ్లు చల్లబడడం.
4. ఆటలో, పరుగులో ఉండగా దడ వచ్చి పడిపోవడం.
5. ఇంతకు ముందే గుండె జబ్బు ఉన్నవారికి దడ రావడం.

ఇవేవీ లేకపోయినా, దడ 15, 20 నిమిషాలలో ఆగకపోతే ఇ.సి.జి. ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. తానే ఆగిపోయినా, మళ్లీ మళ్లీ వస్తుంటే కొద్ది రోజులలోనే డాక్టరుకు చూపించాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

ఆ సమయంలో ఏమి చేయాలి?

వెంటనే కూర్చోవాలి. బండి నడుపుతుంటే పక్కకు ఆపాలి. గడియారం చూసి సమయం రాసుకోవాలి. బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, 30 సెకన్లు నాడి లెక్కించి రెండుతో హెచ్చించండి. లెక్కించలేనంత వేగంగా ఉంటే అదే రాయండి. చేతి గడియారాలు చూపే అంకె పనికివస్తుంది కానీ అది డాక్టరు మాటకు బదులు కాదు.

ఊపిరి బిగబట్టి ముక్కడం వంటి పద్ధతులతో కొందరికి దడ ఆగుతుంది. 2015లో ఇంగ్లండులో జరిగిన ఒక పరిశోధనలో, కూర్చుని 15 సెకన్లు ముక్కిన వెంటనే రోగిని పడుకోబెట్టి కాళ్లు పైకెత్తితే 100లో 43 మందికి ఆగింది. కాళ్లు ఎత్తని పాత పద్ధతిలో 17 మందికే ఆగింది. ఇది డాక్టరు నేర్పితేనే చేయండి. కళ్లు నొక్కడం, మెడ నొక్కడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఇంట్లో వేరొకరి మాత్రలు ఇవ్వకూడదు.

అసలు ఆధారం

వోచరు లేనిదే ఎంట్రీ పాస్ చేయం. ఈ జబ్బుకు వోచరు, దడ ఉన్నప్పుడు తీసిన ఇ.సి.జి. దడ ఆగాక తీస్తే చాలామందికి మామూలుగానే ఉంటుంది. అంతమాత్రాన జబ్బు లేదని కాదు. దడ తరచుగా వస్తుంటే 24 గంటలు ఒంటిమీద ఉంచే హోల్టర్ అనే యంత్రం పెడతారు. రక్తపరీక్షలు, ఎకో కూడా అవసరాన్ని బట్టి చేస్తారు. తీసిన ప్రతి ఇ.సి.జి. కాగితానికీ ఒక జిరాక్సు తీసి ఉంచండి, అసలు ముద్ర కొన్నాళ్లకు వెలిసిపోవచ్చు.

ఒక నోటుబుక్కులో ఆరు గడులు గీయండి: తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, నాడి, అప్పుడు చేస్తున్న పని, ఇతర బాధలు. ఈ ఒక్క పేజీ డాక్టరుకు ఎంతో ఉపయోగం.

వైద్యం గురించి భయపడవద్దు. కొందరికి మందులు చాలు. కొందరికి తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని తీగ పంపి, ఆ అదనపు దారిని వేడితో మూసివేస్తారు. దీన్ని అబ్లేషన్ అంటారు. ఎక్కువమందికి జబ్బు పూర్తిగా పోతుంది. కొద్ది శాతం ప్రమాదాలూ ఉంటాయి కనుక వాటిని అడిగి తెలుసుకోవాలి. ఆయుష్మాన్ కార్డు, రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఏది ఉన్నా, మీ ఆసుపత్రిలో ఈ వైద్యానికి వర్తిస్తుందా అని చేరకముందే అడగండి.

మా పిల్లకు బెంగళూరులో అబ్లేషన్ చేశారు. ఇప్పుడు డిగ్రీ చదువుకుంటోంది. దడ మళ్లీ రాలేదు.

విద్యార్థులారా, మీ ఒంట్లో జరిగేది మీకే తెలుస్తుంది. పెద్దలు వినకపోతే రెండోసారి చెప్పండి. తల్లిదండ్రులారా, పిల్లలు దడ అన్నప్పుడు జవాబు చెప్పే ముందు వారి నాడి పట్టుకుని చూడండి. నేను ఆ రోజు చేయని పని అదే.