తొలి దెబ్బకు తగ్గ క్యూ

పూల్‌లో నెమ్మదిగా కొట్టేటప్పుడు అందరి చేతులూ బాగానే ఉంటాయి. బంతికీ పాకెట్‌కీ మధ్య జానెడు దూరమే ఉంటే చిన్న తప్పులు బయటపడవు. బ్రేక్ అనే తొలి దెబ్బ దగ్గర ఆ వెసులుబాటు లేదు. బిగించి పేర్చిన బంతుల ర్యాక్ మీదికి తెల్ల బంతిని పూర్తి వేగంతో పంపేటప్పుడు మోచెయ్యి కాస్త పక్కకు జరిగినా, భుజం ఒక క్షణం ముందే లేచినా బల్లంతా చెప్పేస్తుంది. అందుకే ఆ దెబ్బకు వాడే కర్ర, అంటే బ్రేక్ క్యూ ఎంపికలో మొదటి ప్రశ్న ధర గురించీ కాదు, కంపెనీ గురించీ కాదు. పూర్తి శక్తి పెట్టినప్పుడు నేనెలా తప్పుతాను? ఈ ప్రశ్నకు నిజాయతీగా జవాబు వెతికినవారికి సరైన క్యూ దొరుకుతుంది. అలా వెతికే అలవాటు ఆట దాటి కూడా పనికొస్తుంది.

అవసరం ఉందా, లేదా?

ముందు ఇది తేల్చుకోండి. ఎయిట్ బాల్, నైన్ బాల్ ఆటల్లో బ్రేక్‌కు సాధారణంగా బలం కావాలి. ఎయిట్ బాల్‌లో బ్రేక్‌తో ఏదో ఒక బంతి పాకెట్‌లో పడాలి, లేదా కనీసం 4 బంతులు కుషన్లను తాకాలి. స్ట్రెయిట్ పూల్‌లో తొలి దెబ్బ జాగ్రత్తగా, మెల్లగా వేస్తారు. ఆ ఆట మాత్రమే ఆడేవారికి బ్రేక్ క్యూతో పనే లేదు.

నెలకు ఒకటి రెండుసార్లు స్నేహితులతో పార్లర్‌కు వెళ్లేవారికీ ఇప్పుడే అక్కర్లేదు. అక్కడి క్యూల్లోనే వంకర లేనిదీ, కొసన ఉండే టిప్ గట్టిగా ఉన్నదీ చూసుకుంటే చాలు. సొంత క్యూతో క్రమం తప్పకుండా ఆడుతున్నారా? అప్పుడు బ్రేక్‌కు వేరే క్యూ ఉండాల్సిందే. ఆట క్యూకు ఉండే లెదర్ టిప్ బ్రేక్ దెబ్బలకు అణిగి, అంచులు బయటికి ఉబ్బి ఆకారం పోగొట్టుకుంటుంది. మరుక్షణం అదే టిప్‌తో సున్నితమైన స్పిన్ ఇవ్వాలంటే కుదరదు. మోటు పనికి ఒక సాధనం, నాజూకు పనికి మరొకటి అని విడదీసుకోవడం పొదుపే.

బరువు మీద మోజు వద్దు

పూల్ క్యూలు ఎక్కువగా 18 నుంచి 21 ఔన్సులు ఉంటాయి. అంటే సుమారు 510 నుంచి 595 గ్రాములు. అంతర్జాతీయ నిబంధనల్లో గరిష్ఠ పరిమితి 25 ఔన్సులు. బరువైన క్యూ అయితేనే బ్రేక్ పేలుతుందని చాలామంది నమ్ముతారు. లెక్క వేసి చూడండి. వేగం అంతే ఉండి బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది. బరువు అంతే ఉండి వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. బరువైన క్యూతో మీ చెయ్యి వేగం తగ్గిపోతే మీరు సంపాదించింది తక్కువ, పోగొట్టుకున్నది ఎక్కువ. మరీ తేలికైన క్యూతో వేగం వస్తుంది కానీ దారి తప్పే ప్రమాదం ఉంది.

రెండింటి మధ్య మీ చేతికి నప్పే చోటు ఒకటి ఉంటుంది. మీ ఆట క్యూ బరువుతో మొదలుపెట్టి, ఒక ఔన్సు అటూ ఇటూ మార్చి చూడండి. చాలా క్యూల వెనక భాగమైన బట్‌లో బరువు బోల్టు ఉంటుంది, మార్చుకోవడం తేలిక. పక్క బల్ల మీద కండలు తిరిగిన ఆటగాడు ఏ బరువు వాడుతున్నాడన్నది మీకు అనవసరం. ఆ చెయ్యి అతనిది.

టిప్, షాఫ్ట్

బ్రేక్ క్యూల్లో బాగా గట్టిపరచిన లెదర్ టిప్‌లు, ఫినాలిక్ అనే గట్టి రెసిన్ టిప్‌లు కనిపిస్తాయి. టిప్ ఎంత గట్టిగా ఉంటే దెబ్బలో అంత తక్కువ శక్తి వృథా అవుతుంది. కానీ గట్టి టిప్‌కు చాక్ సరిగా పట్టదు. తెల్ల బంతి నడిమధ్య తగిలితే అద్భుతంగా పనిచేస్తుంది, పక్కకు తగిలితే జారిపోతుంది. మీ దెబ్బ ఇంకా నిలకడ పట్టలేదా? అయితే గట్టి లెదర్‌తోనే మొదలుపెట్టండి. ఒక్క జాగ్రత్త: కొన్ని టోర్నమెంట్లలో ఫినాలిక్ టిప్‌ను అనుమతించరు. పోటీలకు వెళ్లేవారు కొనేముందే నిబంధనలు చదువుకోవాలి.

క్యూ ముందు భాగమైన షాఫ్ట్ విషయానికొస్తే మేపుల్ చెక్క పాతకాలం నుంచీ నమ్మకమైనది. కార్బన్ ఫైబర్ షాఫ్ట్ వంగదు, తేమకు ఉబ్బదు. ధర మాత్రం బాగా ఎక్కువ. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉండేవారు చెక్క క్యూను కేసులో ఉంచి, గోడకు చేరవేయకుండా జాగ్రత్త పడితే సరిపోతుంది. హైదరాబాద్ మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేయడం మాత్రం ఏ క్యూకూ మంచిది కాదు.

మీ తప్పును సర్దుకునే క్యూ

అసలు కిటుకు ఇక్కడుంది. దుకాణంలో దీని గురించి చెప్పేవారు అరుదు.

తెల్ల బంతిని మధ్యకు కాస్త పక్కగా కొడితే అది క్యూ చూపిన దారిలో వెళ్లదు, కొద్దిగా రెండో వైపుకు జరుగుతుంది. దీన్నే స్క్వర్ట్ అంటారు. ఎంత జరుగుతుందన్నది షాఫ్ట్ కొసన ఉన్న బరువును బట్టి ఉంటుంది. ప్రతి షాఫ్ట్‌కూ ఒక ప్రత్యేకమైన దూరం ఉంటుంది. టిప్ నుంచి సరిగ్గా ఆ దూరంలో మీ ముందు చెయ్యి బల్ల మీద ఆనితే, వెనక చెయ్యి పక్కకు తూలినా రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బంతి దాదాపు తిన్నగానే వెళుతుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ బోధించిన డేవిడ్ ఆల్సియాటోర్ ఈ సూత్రాన్ని ఆటగాళ్లకు విడమరచి చెప్పారు.

పరీక్ష తేలికే. బ్రేక్‌కు మీరు చెయ్యి ఆనించే దూరంలోనే ఆనించి, బల్ల అవతలి కొసన ఒక బంతిని సూటిగా గురిపెట్టండి. ముందు చెయ్యి కదపకుండా బట్‌ను కొద్దిగా పక్కకు జరపండి. ఇప్పుడు టిప్ తెల్ల బంతి మధ్యలో ఉండదు. అలాగే గట్టిగా కొట్టండి. అయినా తెల్ల బంతి గురికే తగిలిందా? ఆ షాఫ్ట్ మీ కోసమే. తప్పిందా? చెయ్యి ఆనే దూరాన్ని ముందుకూ వెనక్కూ మార్చి చూడండి, లేదా వేరే షాఫ్ట్ ప్రయత్నించండి. పూర్తి వేగంలో వెనక చెయ్యి తూలడం దాదాపు అందరికీ ఉండేదే. దాన్ని తిట్టుకుంటూ కూర్చోవడం కన్నా, ఆ తూలుకు తగ్గ షాఫ్ట్ తెచ్చుకోవడం తెలివి.

బలం ఎంతవరకు?

అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రానికి చెందిన షేన్ వాన్ బోనింగ్‌ యూఎస్ ఓపెన్ నైన్ బాల్ టైటిల్ 5 సార్లు గెలిచారు, 2022లో ప్రపంచ నైన్ బాల్ చాంపియన్ అయ్యారు. ఆయన బ్రేక్‌కు ప్రత్యర్థులు భయపడతారు. ఆ బ్రేక్‌ను గమనించండి. ర్యాక్ చెదిరిపోతుంది, తెల్ల బంతి మాత్రం బల్ల మధ్యలో నిలుస్తుంది. ఏళ్ల తరబడి చేసిన సాధన ఆ నిలకడలో కనిపిస్తుంది.

మరోవైపు, 2001లో యూఎస్ ఓపెన్ గెలిచిన కోరీ డ్యుయెల్ మెల్లని బ్రేక్‌తో అందరినీ ఆశ్చర్యపరిచారు. బంతులు ఎక్కడ ఆగాలో లెక్క కట్టి, అంతకు సరిపడా వేగమే వాడారు. తర్వాతి కాలంలో మెల్లని బ్రేక్‌ను అడ్డుకునే నియమాలు కొన్ని పోటీల్లో వచ్చాయి. ఇద్దరి దారులూ వేరు, ఇద్దరి దగ్గరా ఉన్నది అదుపే. ఫోన్ యాప్‌లో బ్రేక్ వేగం చూసుకుని మురిసిపోకండి. ర్యాక్‌లో మొదటి బంతి నిండుగా తగిలే గరిష్ఠ వేగమే మీ వేగం.

కొనేముందు చేయాల్సినవి

1. ఇద్దరు ముగ్గురు స్నేహితుల బ్రేక్ క్యూలు అడిగి తీసుకోండి. ఒక్కో దానితో 10 ర్యాక్‌లు కొట్టండి.

2. ప్రతి బ్రేక్‌కూ మూడు విషయాలు రాసుకోండి: మొదటి బంతి నిండుగా తగిలిందా? తెల్ల బంతి ఎక్కడ ఆగింది? ఎన్ని బంతులు పడ్డాయి?

3. పడిన బంతుల లెక్కకు చివరి ప్రాధాన్యమే ఇవ్వండి. అందులో అదృష్టం పాలు ఎక్కువ. మొదటి రెండూ మీ చేతిలోవి.

4. షాఫ్ట్‌ను కంటి ముందు పెట్టి, తిప్పుతూ వంకర ఉందేమో చూడండి. జాయింట్ బిగించాక వదులు ఉండకూడదు.

5. ఆ ఫలితాలను బట్టే కొనండి. కొన్నాక కొన్ని నెలలు మార్చకండి. ఇవాళ ఒకటి, రేపు ఒకటి మారిస్తే చెయ్యి ఏదీ నేర్చుకోదు.

బల్ల అవతల

కొత్త ఉద్యోగంలో మొదటి ప్రజెంటేషన్, పోటీ పరీక్షలో మొదటి అరగంట, వ్యాపారంలో మొదటి బేరం. ఇవన్నీ పూర్తి శక్తి పెట్టే సందర్భాలే. ఒత్తిడిలో కొందరు గబగబా మాట్లాడేస్తారు, కొందరు తెలిసిన జవాబునే కొట్టేసి మళ్లీ రాస్తారు, కొందరు అడగకుండానే ధర తగ్గిస్తారు. మీ తూలు ఏ వైపుకో ముందు గుర్తించండి. గబగబా మాట్లాడేవారు ప్రతి స్లయిడ్ కిందా ‘ఆగు’ అని రాసుకోవచ్చు. ధర తగ్గించేవారు చివరి ధరను ముందే కాగితం మీద పెట్టుకోవచ్చు. మీ లోపం మీకు తెలిస్తే దానికి తగ్గ ఏర్పాటు మీరే చేసుకోగలరు. తెలియకపోతే ఎంత ఖరీదైన సాధనమూ ఆదుకోదు.

ఈ వారం పార్లర్‌కు వెళ్లినప్పుడు జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పర్సు తీయకండి. ముందు 10 బ్రేక్‌లు కొట్టి, తెల్ల బంతి ఎటు పోతోందో రాయండి. ఏ క్యూ కొనాలో ఆ పేజీయే చెబుతుంది.